కోర్సు ప్రాజెక్టుకి పాప్ పాట వీడియో: 14 లొకేషన్ల కథ రాసుకున్నాం, ఎక్కడ కోయాలి?

చివరిబెంచీ:
అందరికీ నమస్కారం. మీడియా కోర్సు రెండో ఏడాది చదువుతున్నాను. ఈసారి మా ప్రాజెక్టు ఒక పాప్ పాటకి వీడియో తీయడం. నలుగురు అమ్మాయిలం ఒక గ్రూపు. చేతిలో ఉన్నవి రెండు ఫోన్లు, కాలేజీ ఇచ్చే ట్రైపాడ్, ఒక ఎల్ఈడీ లైటు. ఏడు వారాల గడువు.

పాట దొరికింది. ఉచితంగా వాడుకోవచ్చని రాసి ఉంటే ఒక సైటు నుంచి దించుకున్నాం, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది. కథ కూడా రాసుకున్నాం. ఇద్దరు స్నేహితురాళ్లు గొడవపడతారు, ఒకమ్మాయి ఊరు వదిలి వెళ్లిపోతుంది, పదేళ్లు గడుస్తాయి, యాక్సిడెంట్ అవుతుంది, ఆస్పత్రిలో మళ్లీ కలుస్తారు. లెక్కపెడితే 14 లొకేషన్లు. నిన్న స్టోరీబోర్డు (షాట్లవారీ బొమ్మలు) గీయడానికి కూర్చుంటే మూడున్నర నిమిషాల్లో ఇదంతా ఎలా పడుతుందో అర్థం కాలేదు. ఏది తీసేయాలి? అసలు మొదలుపెట్టిన తీరే తప్పా? చాలా టెన్షన్‌గా ఉంది.

రష్‌ప్రింట్:
చెల్లీ, మీరు రాసుకున్నది సినిమా కథ. పాట వీడియోలో డైలాగులుండవు. ఎవరు ఎవరికి ఏమవుతారో చూపించడానికే నాలుగైదు షాట్లు పోతాయి. పదేళ్లు గడిచాయని చెప్పడానికి ఇంకో నాలుగు. ఈలోగా పాట అయిపోతుంది.

ఎడిటింగ్ బల్ల మీద ఇన్నేళ్లు కూర్చున్నాక నాకు తెలిసింది ఇది: పాటకి కథ అక్కర్లేదు, ఒక పరిస్థితి చాలు. పల్లవి వచ్చిన ప్రతిసారీ ఆ పరిస్థితి ఒక మెట్టు ముందుకు జరగాలి. అవే మాటలు, అదే ట్యూను, కానీ తెర మీద కనిపించేది మాత్రం మారి ఉండాలి. అప్పుడు అవే మాటలకి వేరే అర్థం వస్తుంది. మీ కథలో అలా మారేది ఏదుందో వెతకండి. మిగతాదంతా కోసేయొచ్చు.

తెరచాటు:
పోయినేడు మాదీ ఇదే ప్రాజెక్టు. మేం 9 లొకేషన్లు పెట్టుకున్నాం. ఒక్కో చోటికి వెళ్లి, సామాను దించి, లైటు సర్దుకుని మొదటి షాట్ తీసేసరికి గంటన్నర పట్టేది. రెండు రోజుల్లో ఐదు చోట్లే అయ్యాయి.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాం. పాడే అబ్బాయి మీద పాట మొత్తం ఒక్కసారి కూడా తీయలేదు. ‘ఈ చోట ఈ రెండు లైన్లు చాలు, ఆ చోట ఆ నాలుగు లైన్లు చాలు’ అనుకుంటూ ముక్కలుగా తీశాం. ఎడిటింగ్‌కి కూర్చుంటే రెండో చరణంలో వేయడానికి ముఖమే లేదు. వాడు రోడ్డు మీద నడిచే షాటునే మూడుసార్లు వాడాను. అందరి ముందూ వేసినప్పుడు మూడోసారి ఆ షాట్ రాగానే నేను తల దించేసుకున్నాను. మీకు ఆ అవస్థ రాకూడదు.

ముందు ఏం చేసినా చేయకపోయినా, పాడే మనిషి ముఖం మీద పాట మొదటి నుంచి చివరి దాకా కనీసం రెండు టేకులు తీసి పెట్టుకోండి. మిగతా షాట్లు ఏవి పాడైనా వాటి మీదికి కట్ చేసుకోవచ్చు.

తాళగతి:
కథ సంగతి తర్వాత. ముందు పాట లైసెన్సులో ఏ అక్షరాలు ఉన్నాయో చూసి చెప్పండి. క్రియేటివ్ కామన్స్ అంటే ఒకటే లైసెన్సు కాదు, అందులో ఆరు రకాలున్నాయి.

చివరిబెంచీ:
తాళగతి గారూ, ఇప్పుడే చూశాను. బీవై-ఎన్‌సీ-ఎన్‌డీ 4.0 అని ఉంది. మాది వ్యాపారం కాదు, పేరు కూడా వేస్తాం. ఇబ్బంది లేదు కదా?

తాళగతి:
ఉంది. బీవై అంటే పేరు చెప్పాలి, ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఈ రెండూ మీరు పాటిస్తున్నారు. చిక్కంతా ఎన్‌డీ దగ్గరే. మార్చిన రూపాన్ని పంచకూడదని దానర్థం. మేం పాటని ముట్టుకోలేదు, ఒక్క సెకను కూడా కోయలేదు అని మీరు అనొచ్చు. కానీ పాటని కదిలే బొమ్మతో కాలం కలిపి జతచేస్తే, అది మార్చిన రూపం కిందికే వస్తుందని ఆ లైసెన్సులోనే రాసి ఉంది. అంటే మీ దగ్గర తయారు చేసి ఉంచుకోవచ్చు గానీ, నెట్‌లో పెట్టడం కుదరదు.

చాలామంది ఇక్కడే పొరపడతారు. ఉచితం అన్న మాట కనబడగానే చదవడం ఆపేస్తారు. ఇంకో సంగతి, చివర ఎస్ఏ అని ఉంటే మీ వీడియోని కూడా అదే లైసెన్సు కింద వదలాలి. బీవై ఒక్కటే ఉన్న పాట దొరికితే అన్నిటికన్నా సులువు.

పేరున్న గాయకుల పాటకైతే రెండు అనుమతులు కావాలి. పాట రాసి, ట్యూను కట్టినవాళ్ల హక్కు ఒకటి. ఆ రికార్డింగు సొంతదారుల హక్కు ఇంకొకటి. ఒకరు ఒప్పుకున్నంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు. తరగతిలో చూపించడానికి కొన్ని దేశాల చట్టాలు విద్యార్థులకి వెసులుబాటు ఇస్తాయి. దాన్ని నమ్ముకుని యూట్యూబ్‌లో ఎక్కిస్తే మాత్రం అక్కడ పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు పాటను పట్టుకుని ఆపేయొచ్చు.

చివరిబెంచీ:
ఎన్‌డీ సంగతి మా నలుగురిలో ఎవరికీ తెలియదు. పాట మారుస్తాం. మా సీనియర్ అక్క ఒకావిడ సొంతంగా పాటలు రాసి, ఫోనులోనే రికార్డు చేస్తుంది. నిన్న రాత్రి ఒకటి వినిపించింది. 3 నిమిషాల 20 సెకన్లు, 96 బీపీఎం, అంటే నిమిషానికి 96 బీట్లు. మాటలేమో ఎవరో వెళ్లిపోయిన బాధ, ట్యూను మాత్రం గంతులేసేలా ఉంటుంది. విన్నప్పటి నుంచీ నోట్లో అదే తిరుగుతోంది. వీడియోలో పాడటానికి కూడా ఆవిడే ఒప్పుకుంది.

తాళగతి:
చాలా మంచిది. ఆవిడ దగ్గర కాగితం మీద రాయించుకోండి. మాటలు, ట్యూను, రికార్డింగు మూడూ ఆవిడవేనా? వెనక వాయిద్యాల బీట్ ఎక్కడి నుంచైనా దించుకుందా? దించుకుని ఉంటే దాని లైసెన్సు కూడా చదవాలి. మర్చిపోకుండా అడగండి.

నల్లబల్ల:
నేను ఈ సబ్జెక్టే చెబుతాను. మాటలు బాధ, ట్యూను హుషారు అన్నావు కదమ్మా, అదే నీకు దొరికిన నిధి. పాటకీ బొమ్మకీ మధ్య సంబంధం మూడు రకాలని, మ్యూజిక్ వీడియోల మీద పరిశోధించిన ఆండ్రూ గుడ్విన్ 1992లో రాశాడు. పాటలో ఉన్నదాన్నే బొమ్మ చూపించడం ఒకటి. దానికి కొత్త అర్థం కలపడం రెండోది. పాటతో సంబంధం లేకుండా, లేదా దానికి అడ్డంగా పోవడం మూడోది. విద్యార్థులు దాదాపు అందరూ మొదటిదే చేస్తారు. ‘వాన’ అని వినబడితే వాన, ‘తలుపు’ అని వినబడితే తలుపు. అలా చేస్తే చూసేవాళ్లకి కొత్తగా ఏమీ అందదు. మీ పాటలో మాటలు, ట్యూను ఇప్పటికే చెరో దారిలో నడుస్తున్నాయి. బొమ్మ ఎవరి పక్షాన నిలబడాలో మీరు తేల్చుకోవాలి. అది తేలితే సగం పని అయినట్టే.

ఇంకొకటి. పాటల వీడియోల కోసం పెట్టిన టీవీ చానెల్ ఎంటీవీ 1981 ఆగస్టు 1న మొదలైంది. అంతకు ముందూ పాటలకి ఫిల్ములు తీసేవారు, కానీ ఆ తర్వాత ప్రతి పాటకీ వీడియో ఉండి తీరాలనే పరిస్థితి వచ్చింది. వీడియో వెనక ఒక అమ్మకం ఉంది, పాడేవాళ్ల ముఖం జనానికి గుర్తుండిపోవాలి. అందుకే దగ్గర షాట్లు అన్ని ఉంటాయి. మీ అక్క పాటని ముక్కూమొహం తెలియని వాళ్లు వినబోతున్నారు. చూసినవాళ్లకి ఆవిడ ఎలా గుర్తుండాలి? ప్రాజెక్టు డైరీలో మొదటి పేజీ దీని గురించే రాయండి.

చివరిబెంచీ:
నిన్న నలుగురం మూడు గంటలు కూర్చున్నాం. 14 లొకేషన్లు పోయాయి, ఇప్పుడు ఒకటే గది. అక్క గది మధ్యలో నిలబడి హాయిగా పాడుతూ ఉంటుంది. పల్లవి వచ్చిన ప్రతిసారీ గదిలోంచి కొన్ని వస్తువులు మాయమవుతాయి. ఆవిడ గమనించదు. చివరి పల్లవికి ఖాళీ గది, ఆవిడ ఒక్కతే, ఇంకా నవ్వుతూనే పాడుతుంది. ఆఖరి బీటుకి మాత్రం చుట్టూ చూస్తుంది.

రష్‌ప్రింట్:
ఇది చదివి నిజంగా సంతోషమేసింది. ఇక దీన్ని ముట్టుకోకండి, ఇంకేమీ కలపకండి.

పని సంగతి. గదికి నాలుగు స్థితులు: నిండు, కొంచెం ఖాళీ, సగం ఖాళీ, పూర్తి ఖాళీ. షూటింగ్ ఆ వరసలోనే జరగాలి. వస్తువు తీయడమే గానీ మళ్లీ పెట్టడం ఉండకూడదు. ఒకసారి తీసిన గడియారాన్ని తిరిగి అదే మేకుకి తగిలించినా రెండు వేళ్లు పక్కకి ఒరుగుతుంది, కట్‌లో దొరికిపోతారు. ఏదైనా తీసే ముందు నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి. ట్రైపాడ్ కాళ్ల దగ్గర నేల మీద టేపు అంటించండి.

వైడ్ షాట్లు (గది అంతా కనబడేవి) ఆ స్థితికి సంబంధించిన భాగానికే తీయండి, ముందూ వెనకా నాలుగేసి బార్లు (బారు అంటే నాలుగు బీట్ల ముక్క) ఎక్కువ తీసుకోండి. దగ్గర షాట్లకి మాత్రం వెనక వట్టి గోడ కనబడేలా నిలబెట్టండి. అలాగైతే పాట మొత్తం ఒకే ఊపులో తీయొచ్చు, ఏ స్థితిలోకైనా అతుకుతుంది. తెరచాటు చెప్పిన రెండు టేకులు ఇవే.

మూడోకన్ను:
96 బీపీఎం అంటే మీకు అదృష్టం కలిసొచ్చింది. ఒక్కో బీటు 0.625 సెకను. సెకనుకి 24 ఫ్రేముల్లో (ఫ్రేము అంటే వీడియోలో ఒక్కో బొమ్మ) తీస్తే బీటుకి సరిగ్గా 15 ఫ్రేములు. నాలుగు బీట్ల బారుకి 60 ఫ్రేములు, రెండున్నర సెకన్లు. పాట మొత్తం 80 బార్లు. కాగితం మీద 80 గళ్లు గీసి, చరణం ఎక్కడ, పల్లవి ఎక్కడ అని రంగులు వేయండి. దాని కింద ఏ బారులో ఏ వస్తువు మాయమవ్వాలో రాయండి. స్టోరీబోర్డు కన్నా ముందు ఈ కాగితం కావాలి.

కట్ ప్రతిసారీ బీటు మీదే పడాలని మాత్రం అనుకోకండి. అలా చేస్తే పది సెకన్లలో తర్వాతి కట్ ఎప్పుడో చూసేవాళ్లకి ముందే తెలిసిపోతుంది. వస్తువు మాయమయ్యే కట్‌లు మాత్రం బీటు మీద ఉంచండి, అవి తగలాలి. మిగతావి పాడే ఊపిరిని బట్టి పోనివ్వండి.

ఫోన్లో ఆటో మీద తీయొద్దు. 24 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పట్టే సమయం) 1/50 సెకను, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) అన్నీ లాక్ చేయండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట బల్బులు సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి, 1/50 గానీ 1/100 గానీ పెడితే ఆ మిణుకు కనబడదు. 60 హెర్ట్జ్ ఉన్న చోటైతే 1/60 లేదా 1/120.

చివరిబెంచీ:
పాట మధ్యలో 8 బార్లు ట్యూను మారుతుంది. అక్కడ స్లో మోషన్ కావాలి, కానీ పెదాలు పాటతో కలవాలి. అది ఫోనుతో అవుతుందా?

మూడోకన్ను:
అవుతుంది. కెమెరా ఎంత వేగం పెంచుతుందో పాట కూడా అంతే వేగంగా మోగాలి, లెక్క అంతే. 60 ఫ్రేముల్లో తీస్తే పాటని రెండున్నర రెట్లు పరిగెత్తించాలి, ఆ వేగంలో ఎవరూ పాడలేరు. 30 ఫ్రేముల్లో తీయండి. పాటని 125 శాతం వేగానికి పెంచి మోగించండి, అంటే 120 బీపీఎం. ఎడిటింగ్‌లో ఆ క్లిప్పుని 80 శాతానికి తగ్గిస్తే 24 ఫ్రేములకి దిగుతుంది, పెదాలు అసలు పాటతో కలుస్తాయి. జుట్టు, బట్టలు మాత్రం కొంచెం తేలినట్టు కదులుతాయి. షట్టర్ 1/50 లోనే ఉంచండి. మీ 20 సెకన్ల భాగం 16 సెకన్లలో పాడాలి, కాబట్టి అక్కని ముందురోజు ఆ వేగంలో ప్రాక్టీసు చేయమనండి.

నల్లబల్ల:
నీ షాట్ లిస్టు ఇక్కడ పెట్టావు కదా, చూశాను. 31 షాట్లలో 6 పెదాలవి, 4 నడుము నుంచి పైకి జరిగేవి. ఎందుకు పెట్టారమ్మా?

చివరిబెంచీ:
నిజం చెప్పాలంటే ఆలోచించలేదు, గారూ. చూసిన వీడియోలన్నిటిలో ఉన్నాయని పెట్టేశాం.

నల్లబల్ల:
ఆ జవాబుతోనే నీ వ్యాసం మొదలుపెట్టొచ్చు. ఆడవాళ్లని కెమెరా చూసే చూపు మగవాడి చూపుగా ఎలా స్థిరపడిందో సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం మీ కోర్సులో ఉండే ఉంటుంది. మీరు నలుగురూ అమ్మాయిలే, కెమెరా మీ చేతిలోనే ఉంది, అయినా ఆ చూపు మీ లిస్టులోకి వచ్చేసింది. తప్పుపట్టడం లేదు. ఒక్కో షాట్ పక్కన ‘ఇది ఎవరు చూస్తున్నారు?’ అని రాసుకోండి. మీ కథలో వస్తువులు తీసుకెళ్లేది ఎవరో ఉన్నారు కదా, బహుశా ఆ చూపు వాళ్లదేమో.

చివరిబెంచీ:
ఈ ఒక్క మాటకి అందరం రాత్రంతా మాట్లాడుకున్నాం. ఆ పది షాట్లూ తీసేశాం. బదులుగా తలుపు దగ్గర నిలబడి ఎవరో చూస్తున్నట్టు కదలని వైడ్ షాట్ ఒకటి పెట్టాం.

షూటింగ్ ఈ శనివారం. పాట మోగించడానికి బ్లూటూత్ స్పీకర్ ఉంది, సరిపోతుందా?

తెరచాటు:
బ్లూటూత్ వద్దు. శబ్దం ఆలస్యంగా వస్తుంది, పెదాలు కలవవు.

మూడోకన్ను:
తెరచాటు, ఇక్కడ నేను ఒప్పుకోను. ఆలస్యం ఫోను నుంచి స్పీకరుకి వచ్చేటప్పుడే. స్పీకర్లోంచి బయటికొచ్చిన పాటని పాడే మనిషీ, కెమెరా మైకూ ఒకేసారి వింటాయి. ఎడిటింగ్‌లో మైకు పట్టిన ఆ పాటతోనే అసలు పాటని కలుపుతాం కాబట్టి ఆలస్యం లెక్కలోకి రాదు. కెమెరా మరీ దూరంగా ఉంటే మాత్రం చూసుకోవాలి. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది, 14 మీటర్ల దూరానికి ఒక ఫ్రేము తేడా వస్తుంది. గదిలో ఆ బాధ లేదు. బ్లూటూత్‌తో అసలు భయం మధ్యలో తెగి మళ్లీ అందుకోవడం. వైరు ఉంటే వైరే వాడండి.

తెరచాటు:
అవును, మాకు జరిగింది అదే అయ్యుంటుంది. పాట మధ్యలో రెండు మూడుసార్లు తెగింది. నేను ఇన్నాళ్లూ ఆలస్యం వల్ల అనుకున్నాను.

రష్‌ప్రింట్:
రెండు మాటలు. పాట మొదలయ్యే ముందు నాలుగు టిక్కులు వచ్చేలా ఒక ఫైలు చేసుకోండి, లేకపోతే మొదటి మాట ప్రతి టేకులోనూ పోతుంది. ఇక అక్క గట్టిగా పాడాలి, నిజంగా పాడాలి. పెదాలు మాత్రం ఆడిస్తే మెడ నరం కదలదు, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో కనబడదు. ఆవిడ గొంతు ఎలా వచ్చినా ఎవరూ వినరు, ఆ భయం ముందే పోగొట్టండి.

(ఎనిమిది రోజుల తర్వాత)

చివరిబెంచీ:
షూటింగ్ అయిపోయింది. శనివారం అనుకున్నవన్నీ వచ్చాయి. కానీ ఎడిటింగ్‌లో చిక్కొచ్చింది. రెండో ఫోన్లో తీసిన దగ్గర షాట్ మొదట్లో చక్కగా కలుస్తుంది, రెండో చరణానికి పెదాలు వెనకబడతాయి. చివరికి వచ్చేసరికి చూడలేకపోతున్నాం. మొదటి ఫోన్లో తీసినవి బాగానే ఉన్నాయి. సమర్పించడానికి తొమ్మిది రోజులే ఉంది. అక్క అంత బాగా పాడిన టేకు అదే, ఏడుపొస్తోంది.

రష్‌ప్రింట్:
ఏడవకు చెల్లీ, టేకు పోలేదు. మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే క్లిప్పుని పక్కకి జరిపితే చాలు. పోనుపోను పెరుగుతోందంటే ఫ్రేముల లెక్కలో తేడా ఉన్నట్టు. రెండు చూడు. ఒకటి, ఆ ఫోను 24కి బదులు 23.976లో తీసిందా? దాన్ని ఎడిటింగ్‌లో 24గా చదివితే 200 సెకన్ల పాటకి 0.2 సెకను, దాదాపు 5 ఫ్రేములు తేడా వస్తుంది. అలాగైతే పెదాలు ముందుకి పోతాయి. నువ్వు వెనకబడ్డాయి అన్నావు కాబట్టి నా అనుమానం రెండోదాని మీద. ఆ ఫోన్లో ఫ్రేమ్ రేటు లాక్ చేశారా?

చివరిబెంచీ:
ఆ ఫోన్లో లాక్ చేసే యాప్ పడలేదు, మామూలు కెమెరాతోనే తీశాం.

రష్‌ప్రింట్:
దొరికింది. ఫోన్లు ఫ్రేముల్ని ఎప్పుడూ సమానంగా తీయవు, వెలుతురు తగ్గితే కొన్ని ఇంకా తగ్గించేస్తాయి. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేటు అంటారు. ఆ ఫైలుని హ్యాండ్‌బ్రేక్‌లో వేయి, అది వీడియో ఫైళ్లని మార్చే సాఫ్ట్‌వేర్, ఉచితమే. వీడియో ట్యాబులో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని, 24 పెట్టి, క్వాలిటీ ఎక్కువలో ఉంచి కొత్త ఫైలు తీయి. టైమ్‌లైనులో పాతది తీసేసి కొత్తది పెట్టు. అప్పటికీ ఎక్కడైనా ఒకటి రెండు ఫ్రేములు తేడా ఉంటే, క్లిప్పుని చరణాల మధ్య కోసి ముక్కలుగా జరుపుకో. ఆ కోసిన చోట్ల వైడ్ షాట్ వేస్తావు కాబట్టి ఎవరికీ తెలియదు.

చివరిబెంచీ:
కలిసింది! చివరి పల్లవి దాకా కలిసింది. ఒక్క చోట రెండు ఫ్రేములు జరిపాను అంతే. రష్‌ప్రింట్ అన్నా, ఈ మేలు మర్చిపోను.

తెరచాటు:
పూర్తయ్యాక చెప్పు, మేమంతా ఎదురుచూస్తున్నాం.

(రెండు వారాల తర్వాత)

చివరిబెంచీ:
నిన్న తరగతిలో వేశారు. మొదటి పల్లవికి గడియారం, పుస్తకాలు పోయినప్పుడు ఎవరూ గమనించలేదు, నా గుండె జారిపోయింది. రెండో పల్లవికి బీరువా పోగానే వెనక వరసలో ఎవరో ‘అరె’ అన్నారు. చివరికి గోడ మీద గడియారం ఉన్నచోట తెల్లటి గుండ్రటి మచ్చ ఒక్కటే మిగిలింది. అది మేం అనుకుని పెట్టింది కాదు, గడియారం వెనక రంగు వెలవకుండా ఉండిపోయింది. అందరూ దాని గురించే అడిగారు.

అక్క మొదటిసారి తన పాటని పెద్ద తెర మీద చూసింది. అయిపోయాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘నేను ఇంత బాధ రాశానని నాకు ఇప్పుడే తెలిసింది’ అంది.

మార్కులు ఇంకా రాలేదు. డైరీ 46 పేజీలయింది, నల్లబల్ల గారు అడిగిన ప్రశ్న మొదటి పేజీలో ఉంది.

తాళగతి:
చాలా సంతోషం. అనుమతి కాగితం జాగ్రత్తగా పెట్టారా? నెట్‌లో ఎక్కించే ముందు బీట్ సంగతి తేలిందా?

చివరిబెంచీ:
తేలింది. బీట్ కూడా అక్కే చేసుకుంది, మాటలు, ట్యూను, రికార్డింగు అన్నీ తనవేనని సంతకం పెట్టి ఇచ్చింది. ఆదివారం ఎక్కిస్తున్నాం.

తెరచాటు:
మేం కూడా మా వీడియోని మళ్లీ ఎడిట్ చేయాలనుకుంటున్నాం. పాడిన అబ్బాయి ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నాడు, గోడ ముందు నిలబెట్టి పాట మొత్తం రెండు టేకులు తీస్తాను. మూడోకన్ను గారూ, మా పాట 110 బీపీఎం, 25 ఫ్రేముల టైమ్‌లైను. స్లో మోషన్‌కి పాటని ఎంత వేగంలో మోగించాలి?

మూడోకన్ను:
30లో తీసి 25కి దించితే 120 శాతం, అంటే 132 బీపీఎం. క్లిప్పుని 83.33 శాతానికి తగ్గించండి. ఈసారి వైరు వాడండి.